నాలుగో గడి

తాబేలు మాస్టారు ఇసుకలో మూడు గడులు గీశాడు. "ఎవరి పాలన ఎలాంటిదో పోల్చి చూద్దాం. ప్రశ్న ఒక్కటే. ఏలేవాళ్లు తప్పు చేస్తే నిలదీయొచ్చా?"

పిల్లలు పోటీపడి చెప్పారు. కాకులైతే అన్నీ ఒకచోట చేరి గోల చేస్తాయి. తేనెటీగలు పనికిరాని రాణిని మార్చేసుకుంటాయి. రేచుకుక్కల్లో అడిగినవాడికి కాటు పడుతుంది. మూడు గడులూ నిండాయి.

వెనక వరసలో సింహంగారి కొలువు నక్క కూర్చుని ఉంది. నేర్చుకుందామని వచ్చానంది. పాఠం వింటూ ఇంతసేపు ఆవలించని విద్యార్థిని మాస్టారు తన సర్వీసులో చూడలేదు.

"మన అడవికి గడి గీయలేదేం మాస్టారూ?" అంది కుందేలు పిల్ల.

నక్క చెవులు నిక్కాయి. "చెప్పండి మాస్టారూ. పోయినేడు మైనా టీచరు ఈ పాఠం భలే చెప్పింది" అంది తియ్యగా.

ఆ పాఠం తర్వాత మైనా టీచరు ఎవరికీ కనిపించలేదు.

మాస్టారు తల డిప్పలోకి లాగేసుకున్నాడు. తర్వాత కాళ్లు కూడా.

కుందేలు పిల్ల కాసేపు ఆ డిప్పనే చూసింది. పుల్ల అందుకుని తనే నాలుగో గడి గీసి, అందులో 'అడగకూడదు' అని రాసింది.

"ఎవరు చెప్పారే నీకు?" అంది నక్క.

"మాస్టారే. ఇప్పుడే చెప్పారుగా!"