అన్నమ్మ కొళాయి

నిర్వాసితుల కాలనీలో అన్నమ్మ ఇంటి కొళాయి మళ్లీ ధారగా పారుతోంది. కింద బిందె లేదు. ఆవిడ గడపలో కూర్చుని ఆ నీళ్లనే చూస్తోంది.

ట్యాంకు ఆపరేటర్ ధనరాజ్ బండి దిగి కొళాయి కట్టేశాడు.

“ఎన్నిసార్లు సెప్పాలమ్మా? డేములోంచి మోటార్లు తోడితే వస్తన్నాయి ఈ నీళ్లు. కరెంటు దండగ. నువ్విలా పారబోస్తే అక్కడ నీరు తగ్గిపోదేటి?”

అన్నమ్మ ముఖం విప్పారింది. “తగ్గుతాదా బాబూ? నిజమేనా?”

ధనరాజ్‌కి ఒళ్లు మండింది. “తగ్గితే నీకేటి లాభం?”

“డేము కట్టినపుడు మా ఊరితోపాటే మా పాప సమాధీ మునిగిపోనాది. ఆదివారం సమాధుల పండగ. నీరు దిగితే కొవ్వొత్తి ఎలిగిస్తాను.”

ఆవిడ కట్టేసిన కొళాయి వైపు చూసింది.

“ఇంకెన్ని బిందెలు పోవాల బాబూ?”