ఎప్పటి రుచే

ఒరోంజో గ్లాసు అడుగున పాలు పోసి, ఐసు వేసి, పైన వేడి కాఫీ వంచి భార్య అన్న పోంపిలియో ముందు పెట్టాడు.

"తాగి చెప్పు బావా. బాదంపాలు కుదిరాయా?"

ఈస్టరు ముందు వచ్చిన జ్వరంతో ఒరోంజోకు వాసనా రుచీ తెలియడం పోయింది. ఇటలీలోని లెచ్చె ఊళ్ళో, తన కాఫీ కొట్టులో నలభై ఏళ్ళుగా, తీపి బాదంపప్పులో వాసన కోసం ఎన్ని చేదు బాదాలు కలపాలో ఆయన ముక్కే చెప్పేది. ఇప్పుడు రోజూ మొదటి గ్లాసు పోంపిలియో తాగి చెప్పాలి.

పోంపిలియో గుక్క మింగి పెదాలు చప్పరించాడు. "ఎప్పటి రుచే! నీ చెయ్యి ఇంకెవడికి వస్తుంది?"

"నిజంగా?"

"మా చెల్లెలి మీద ఒట్టు."

ఒరోంజో కౌంటరు మీద ఆవుపాల ప్యాకెట్టు పెట్టాడు. "పోసింది ఇవే. చక్కెర కలిపాను. నిన్న బాదాలు నానబెట్టనే లేదు."

పోంపిలియో గ్లాసు దించాడు.

"ఎప్పట్నించి ఇలా అబద్ధం చెప్తున్నావు బావా?" అని ఒరోంజో అడిగాడు.

"ఈస్టరు నుంచీ. ఓ రోజు చేదు, ఓ రోజు చప్పన."

"కొట్టుకొచ్చే మిగతావాళ్ళు?"

"నీకు చెప్పొద్దని అందరం మాట్లాడుకున్నాం. నువ్వు బాధపడతావని."

"ఒరోంజో, నాకూ ఎప్పటిదే!" బయటి బల్ల దగ్గర నుంచి ఎవరో కేకేశారు.

ఒరోంజో ఇంకో గ్లాసు తీసి, అదే ప్యాకెట్టు వంచాడు.