నడిమి మనిషి పేరు

ఫొటో దిగడానికి వచ్చిన అవ్వ కెమెరా వైపు చూడనే చూడదు.

“ఇటు చూడాలె అవ్వా. ఆ గోడ మీద ఏమున్నది?”

“నా వాళ్లున్నరు బిడ్డా.”

జహీరుద్దీన్ నవ్వుకున్నాడు. అరబ్బు దేశంలో, మత్రా సూక్ అనే బజారు వెనక సందులో ఇరవై ఏళ్లుగా ఫొటో స్టూడియో అతనిది. ఒకసారి చూసిన ముఖం మరచిపోడని పేరు. ఆ పేరు తనే పెట్టుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

గోడ మీదవి అతని తండ్రి జగిత్యాలలో తీసిన బుర్రకథ దళాల పాత ఫొటోలు. వచ్చే శుక్రవారం తెలుగువాళ్ల సభలో పెడుతున్నాడు. “పాడినోళ్లను పేరు లేకుండ గోడకు ఎక్కియ్యకు బేటా” అని తండ్రి పోతూ పోతూ మాట తీసుకున్నాడు. పేర్లేమో ఒక్కటీ దొరకలేదు.

“వీళ్లు నీకు తెలుసా అవ్వా?”

అవ్వ ఎడమచేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని లేచింది. ఇబ్రి అనే ఊళ్లో ఒక అరబ్బు ఇంట్లో పద్నాలుగేళ్లు పనిచేసి, వీసా క్యాన్సిల్ కాగితాల కోసం ఫొటోకి వచ్చిన మనిషి. పది ఫొటోల్లో వాళ్ల పేర్లు గడగడా చెప్పేసింది. జహీరుద్దీన్ రాసుకోలేక అలిసిపోయాడు.

ఇక మిగిలింది పదకొండోది. అన్నిట్లోకి అందమైనది. అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ వంత పాడే వంతలు, మధ్యలో తంబురా పట్టి, గడ్డం పైకెత్తి కథ చెప్పే పడుచు.

“ఇటు గంగన్న, అటు ఎల్లవ్వ. గంగన్న డక్కీ కొడితే పక్కూరోళ్లు సుత లేసి వచ్చేది.”

“నడుమ?”

అవ్వ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“యాదికి లేదా?”

“ఆ పేరు నా నోటెంట రాదు బిడ్డా.”

ఏదో పాత పగ ఉండి ఉంటుందనుకున్నాడు జహీరుద్దీన్.

“సరే తియ్. ఇది ఉల్టా ప్రింటయింది. అందరి తంబురా ఒక దిక్కుంటే ఈమెది ఇంకో దిక్కున్నది. తిప్పి వేస్త.”

“తిప్పకు! ఆమెది పుర్రచెయ్యి.”

“మంచిగ చెప్పేదా కథ?”

“విన్నోళ్లను అడుగు” అంది అవ్వ, గడ్డం పైకెత్తి.

ఫొటో దిగి, బుధవారం ఫ్లైటున్నదని చెప్పి, ప్రింట్లు తీసుకుని వెళ్లిపోయింది. జహీరుద్దీన్ కంప్యూటర్లో ఆమె ఫొటోకి 212 అని నంబరు వేశాడు. ఇన్ని పేర్లు అడిగినవాడు ఆమె పేరు మాత్రం అడగలేదు.

శుక్రవారం సభలో పదకొండో ఫొటో ముందు ఒక పెద్దమనిషి ఆగిపోయాడు. మబేలాలో ఇళ్లు కట్టే సైట్లో మేస్త్రీ. ఫొటో కింద వేలు పెట్టి చదువుకున్నాడు. గంగన్న. పేరు తెలియదు. ఎల్లవ్వ.

“ఈ గంగన్నను నేనే భాయ్” అన్నాడు. ఛాతీ ఉప్పొంగింది, కళ్లు తడిశాయి. అంతలోనే కోపం వచ్చింది. “వంతకు పేరు రాసి, కథ చెప్పేటామెకు రాయకపోతివా?”

“పేర్లు చెప్పినామె అదొక్కటి చెప్పలేదన్నా. నోటెంట రాదన్నది.”

“ఎట్లొస్తది? మా దళంల కథ చెప్పేటోళ్లు తమ పేరు తాము చెప్పుకోరు. వంతలే పలకాలె.” గంగన్న ఠక్కున ఆగాడు. “నీకు చెప్పినామె ఎవలు?”

జహీరుద్దీన్‌కి అవ్వ ఎడమచేతిలోని చాయ్ గ్లాసు గుర్తొచ్చింది. గబగబా లాప్‌టాప్ తెరిచి 212 చూపించాడు.

గంగన్న తెర దగ్గరికి వంగి చూసి తలూపాడు.

“ఏడున్నది ఇప్పుడు?”

“మొన్ననే ఫ్లైటెక్కింది అన్నా.”

గంగన్న కళ్లు తుడుచుకున్నాడు. నిటారుగా నిలబడి, ముందున్న బల్లనే డక్కీ చేసుకుని దరువేశాడు. సభంతా ఇటు తిరిగింది.

“కథ చెప్పేది ఎవలనుకున్నరూ... మా రాయికల్ సత్తవ్వా!”

జహీరుద్దీన్ ఆ పేరును రెండు చోట్ల రాశాడు: తంబురా పట్టిన పడుచు కింద ఒకసారి, 212 పక్కన ఒకసారి.