లిస్టులో మొదటి పేరు

సీనియారిటీ లిస్టులో మొదటి పేరు గుండెటి రామన్నది. జాబర్ పని మాత్రం లిస్టులో ఎక్కడో కింద ఉన్న కుర్రాడు శుభమ్‌కు ఇచ్చారు.

సేట్ ఏ మాటా నిలబడి చెప్పడు. ఆ పొద్దున కూడా నడుస్తూనే చెప్పి, కారెక్కి వెళ్లిపోయాడు. టవళ్ల కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు, ఆగలేదు గానీ, కళ్లన్నీ పెద్దాయన మీదే ఉన్నాయి. లిస్టులో పెద్ద కాబట్టి అందరికీ అతను పెద్దాయనే. ఆయనేమో తెగిన పోగు ముడివేస్తూ తలెత్తలేదు.

జాబర్ అంటే సాంచలన్నిటినీ చక్కబెట్టేవాడు. దీపావళి దాటగానే ఈ పాత సాంచలు తుక్కుకు పోతాయి, కంప్యూటర్ సాంచలు దిగుతాయి. వాటికి ఒక జాబరు, ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు. మిగతావాళ్లు ఇంటికే. జాబర్ అయినవాడికి అన్నం ఉంటుంది, కానివాడికి ఉండదు. పెద్దాయన కూతురు మేఘన ఇంకా నర్సింగ్ చదువుతోంది. ఆయనకు టవల్ నేయడం తప్ప మరో పని రాదు.

అన్నాల వేళకు యూనియన్ వినాయక్ ఊడిపడ్డాడు.

"కాయదా నీ దిక్కున్నది రామన్నా. మన రూల్లల్ల రాసే ఉన్నది. ముందుగాల సీనియర్‌కు పని వస్తదా రాదా చూడాలె. వస్తె ఆయనకే ఇయ్యాలె. రాకపోతెనే కిందోని దిక్కు చూడాలె. సేట్ ఏమంటుండు? శుభమ్ హుషార్ అంటుండు. హుషార్ ఉన్నోళ్లు మస్తుమంది ఉంటరు. నీకు పని రాదని ఎవ్వడన్న అన్నడా?"

"లేదు."

"పరీక్ష పెట్టిండా?"

"పెట్టలే."

"మరింకేంది? లేబర్ కోర్టుల కేసు ఏస్తం. వకీల్ సాహెబ్‌తోని మాట్లాడిన. పక్కా గెలుస్తం అన్నడు. నువ్వు చేసేది ఒక్కటే. జడ్జి ముంగట నిలబడి, నా పేరు ఇది, ఇన్నేండ్ల సర్వీసు నాది అని ప్రమాణం చేసి చెప్పాలె. బస్."

పెద్దాయన నోటి దాకా తీసుకెళ్లిన రొట్టెముక్కను మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

"నాతోని కాదు వినాయక్. ఇడిసిపెట్టు."

వినాయక్ తెల్లబోయాడు. తర్వాత మండిపడ్డాడు. "కార్డు మీద అరవై దగ్గరికొచ్చినవ్, నెత్తిన తెల్లెంట్రుక లేదు. మనిషివి గట్టిగనే ఉన్నవ్, మనసే ముసల్ది అయినట్టున్నది. ఎవ్వనికి భయపడుతున్నవ్?"

పెద్దాయన డబ్బా మూతపెట్టి లేచిపోయాడు. సాయంత్రానికల్లా కార్ఖానా అంతా ఒకటే గుసగుస. సేట్‌కు అమ్ముడుపోయాడని కొందరు, పుట్టుకతోనే పిరికివాడని కొందరు. నిన్నటి దాకా చాయ్ తెచ్చి చేతికిచ్చినవాళ్లే గేటు దగ్గర ముఖం తిప్పుకున్నారు.

ఇంటికి చేరేసరికి గడప ముందు శుభమ్ నిలబడి ఉన్నాడు. పాపం, తప్పు చేసినవాడిలా ఉన్నాడు.

"నేను అడగలే కాకా. సేట్ తనంతట తనే ఇచ్చిండు. నువ్వు కేసు ఏస్తె నేను అడ్డం రాను. అవసరమైతె నేనే వచ్చి చెప్త, సీనియర్ మా కాకనే అని."

ఆ మాటకు పెద్దాయన చప్పున అతని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బిడ్డా" అన్నాడు. "కోర్టు దాకా ఎవ్వరూ పోవద్దు. నీకు పని వస్తది. మంచిగ చేస్కో."

శుభమ్ అటు వెళ్లాడో లేదో, వినాయక్ వకాలత్ కాగితంతో దిగాడు. ఈసారి అతని ఆశంతా పెద్దాయన భార్య యశోద మీద. మొగుడు మెత్తన అయితే ఏం, ఆమె నోటికి ఈ పేటలో ఎదురు లేదు. రేషన్ షాపు వాడు కూడా ఆమెను చూస్తే తక్కెడ సరిచేసుకుంటాడు.

"యశోదక్కా, నువ్వన్న చెప్పు. హక్కు ఉండి ఊకుంటడా మనిషి?"

యశోద బీడీ ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆగింది.

"వద్దంటున్నడు గద అన్నా. బలిమి చెయ్యకు."

"నువ్వు గూడ ఇదే మాటనా?"

ఆమె తల వంచుకుంది. కన్నీళ్లు చేటలోని తంబాకు మీద పడుతుంటే పైట అడ్డం పెట్టుకుంది. వినాయక్ కాగితం మడిచి జేబులో కుక్కుకున్నాడు. "మీ అసుంటోళ్ల వల్లనే సేట్లు బలిసిండ్రు. రేపు సాంచలు ఎత్తుకపోయినంక నా దగ్గరికి రాకుండ్రి" అని చెప్పుల చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు.

యశోద పైటతో కళ్లు తుడుచుకుంది. "పిల్ల చదువు ఎట్లనయ్యా?"

"ఏమో. ఏం తోస్తలేదు."

ఆయనకు అరవాలనిపించింది. ఆ సాంచల మీద అరిగింది తన చేతులే. ఏ సాంచ ఎక్కడ మొరాయిస్తుందో చప్పుడు విని చెప్పగలడు. చెమట తనది, నడుం నొప్పి తనది. అయినా నా హక్కు అని అడగడానికి నోరు రాలేదు. దుఃఖం కన్నా సిగ్గే ఎక్కువ కాల్చింది.

ఆ వారంలోనే పెత్తరమాస వచ్చింది. పోయినవాళ్ల పేరు చెప్పి పంతులుకు బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. జోడ్‌భావి పేట్ గుడి దగ్గర తెల్లారకముందే జనం బారులు తీరారు. పెద్దాయన చివరిదాకా ఓ పక్కన నిలబడి, కార్ఖానా వాళ్లెవరూ లేరని చూసుకున్నాకే ముందుకు వెళ్లాడు. పంతులు ముందు కూర్చుని బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క విస్తరిలో పెట్టాడు.

"ఎవరి పేరు మీద?" అని పంతులు అడిగితే, కార్ఖానాలో చేరిన ఏడాదే జ్వరంతో పోయి, సాంచనూ కార్డు మీది పేరునూ తమ్ముడైన తనకు వదిలివెళ్లిన అన్నను తలచుకొని, పెద్దాయన గొంతు తగ్గించి చెప్పాడు: "గుండెటి రామన్న."