కంటికి ఆన్చిన కెమెరా

“స్క్రీన్ చూసి తీసేవాళ్లను ఫొటోగ్రాఫర్లంటారా? సెల్‌ఫోన్ గాళ్లంటారు!”

టేకులపల్లి అవతలి తండాలో, హేమలత బాబాయి కూతురి పెళ్లిపందిట్లో, ఆమె సొంత మనుషుల ముందే ఆమె చేతిలోని కెమెరా లాక్కున్నాడు స్టూడియో ఓనరు వెంకటకృష్ణ. నలుగురూ నవ్వారు. ఆయన దగ్గర పనికి చేరిన నాటినుంచీ ఆమెకు రోజూ ఇదే దెప్పు.

ఎదురుగా ఆమె నాయనమ్మ సోమ్లి, పెట్టె అడుగునుంచి తీసిన అద్దాలు కుట్టిన పేటియా లంగా కట్టుకుని కూర్చుంది.

“కళ్లజోడు తియ్యి మామ్మా, మెరుస్తుంది.”

కెమెరా వెనక కన్నుపెట్టి చూసే వ్యూఫైండర్‌కు కన్ను ఆన్చి ఆయన క్లిక్‌మనిపించాడు. ఆ తర్వాత కెమెరాను చెయ్యి చాచినంత దూరం పట్టుకుని స్క్రీన్ చూశాడు.

“చూడు, కళ్లు ఎలా వెలిగిపోతున్నాయో! ఇదీ ఫొటో అంటే.”

హేమలత చూసింది. ఫొటోలో నాయనమ్మ కళ్లు మూసుకుని ఉంది.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే అర్థమైంది. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం తిప్పి దాన్ని మన చూపుకు సరిపెట్టుకోవచ్చు. స్క్రీన్‌కు అలాంటి చక్రం లేదు. ఈయనకు దగ్గరిచూపు ఆనడం లేదు. ఇన్నాళ్లూ తనను తిట్టింది అది దాచుకోవడానికా!

“మంచిగొచ్చిందా బిడ్డా?” సోమ్లి అడిగింది.

“నువ్వే చూడు దాదీ.”

సోమ్లి జోడు పెట్టుకుని స్క్రీన్‌లోకి తొంగిచూసింది. ఒకసారి వెంకటకృష్ణ మొహం వంక చూసింది. జోడు తీసి, కొంగుతో తుడిచి, ఆయనకు అందించింది.

“నా కండ్లు మూసుకున్నయి కొడుకా. ఇగో, ఇది పెట్టుకొని ఇంకోటి తియ్యి.”