గిల్లిన పిండి

ఆదివారం వస్తే ఆ ఇంటిల్లిపాదీ బట్టీ బాబాయ్ దుకాణానికి బయల్దేరేవారు.

ఇల్లాలు తెల్లవారుతూనే పిండి కలిపి, ముద్ద చేసి, తడిగుడ్డ కప్పేది. భర్త పళ్లెం పట్టుకుని ముందు నడిచేవాడు. వెనక కూతురు, దారి పొడుగునా ప్రశ్నలు.

ఆ చిన్న ఊళ్లో రొట్టె కాల్చే బట్టీ అదొక్కటే. ఎవరి పిండి వాళ్లే తెచ్చుకోవాలి. కట్టెల మంట మీద కాల్చి ఇవ్వడమే బాబాయ్ పని.

ఆయన ఎవరికీ ఏమీ కాడు. అయినా ఊరందరికీ బాబాయే.

ఇల్లాలికి ఆయన మీద గురి. ముద్ద ఆయన చేతికిచ్చి, నిశ్చింతగా అరుగు మీద కూర్చునేది.

ఒక ఆదివారం మాత్రం, పిల్లకి మంచినీళ్ల కోసమని వెనక గదిలోకి వెళ్లింది.

బాబాయ్ ఆమె ముద్దలోంచి నిమ్మకాయంత గిల్లి పక్కనున్న గిన్నెలో వేస్తున్నాడు. గిన్నెలో అప్పటికే అలాంటివి చాలా ఉన్నాయి. కొన్ని తెల్లగా, కొన్ని ముతకగా, ఇంటికొక రకం.

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఇంట్లో పిండి డబ్బా అడుగంటుతోంది. మిల్లులో ఈ మధ్య సగం రోజులే పని ఉంటోందని భర్త చెబుతున్నాడు. తను ఒక ముక్క తగ్గించుకుని పిల్లకి పెడుతోంది. ఆ ముక్కలోంచా ఈయన గిల్లుతున్నది?

“ఏంటిది బాబాయ్?”

ఆయన ఉలిక్కిపడలేదు. చేతులు మాత్రం పిండిలోనే ఉండిపోయాయి.

“చూశావా అమ్మాయ్” అన్నాడు.

ఆమె గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. అందరూ చుట్టూ మూగారు. పొరుగావిడ లోపలికి తొంగి చూసి, మా ఇంటి రొట్టె రోజురోజుకీ చిక్కిపోతోంది, పాపం దానికేం దిగులో అనుకున్నాను అంది. కొందరు నవ్వారు.

ఇల్లాలు నవ్వలేదు.

“అడిగితే పెట్టనా బాబాయ్? నమ్మి చేతికిస్తే గిల్లుకుంటావా? ఎవరి కోసం ఇదంతా?”

బాబాయ్ ఒక్కసారి ఆమె భర్త వైపు చూశాడు.

భర్త వంగి, కూతురి చెప్పు పట్టీ సరిచేస్తున్నాడు.

“నా పొట్ట కోసమేనమ్మా” అన్నాడు బాబాయ్.

దేవుడు అన్నీ చూస్తుంటాడని ఆమె నమ్మకం. ఆ రోజు దేవుడు కూడా తన పక్షానే ఉన్నాడనిపించింది.

మర్నాటి నుంచి బట్టీకి పిండి రాలేదు. జనం పక్క ఊరి రొట్టెకి అలవాటుపడ్డారు. ఎన్నడూ ఆరని మంట ఆరింది. ఒకరోజు తలుపుకి తాళం కనిపించింది. ముసలాయన ఎటు వెళ్లాడో ఎవరూ అడగలేదు.

భర్త మాత్రం చిక్కిపోతున్నాడు. ఏమండీ, ఒంట్లో బాగా లేదా అంటే, మిల్లులో వేడి అనేవాడు. సాయంత్రం కాళ్లు కడుక్కుని మిల్లు కబుర్లు మొదలుపెట్టేవాడు. యంత్రం పక్కనే నిలబడి గురక పెట్టే మేస్త్రీ కథలకి ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది.

ఒక మధ్యాహ్నం పిల్లకి ఒళ్లు కాలిపోయింది. పిల్లని పొరుగావిడకి అప్పగించి ఆమె మిల్లుకి పరుగెత్తింది.

గేటుకి తాళం. తాళానికి తుప్పు.

వానలకి ముందే మూసేశారు కదమ్మా, మీ ఆయన చెప్పలేదా అన్నాడు ఎదురుగా సైకిళ్లు బాగుచేసేవాడు.

దారిలో ఆమెకి మేస్త్రీ గురక గుర్తొచ్చింది. లేని మేస్త్రీ. లేని యంత్రం. తను మాత్రం నిజంగానే నవ్వింది.

సాయంత్రానికి పిల్ల జ్వరం తగ్గింది. భర్త వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. ఇవాళ మేస్త్రీ ఏం చేశాడో తెలుసా అంటూ మొదలుపెట్టాడు.

“మిల్లుకి వెళ్లొచ్చాను” అంది.

అతను గడపలోనే కూలబడ్డాడు.

“రోజూ ఎక్కడుంటున్నారు?”

“మూటలు దొరికితే మోస్తున్నా. లేకపోతే ఊరికే తిరుగుతున్నా.”

“మధ్యాహ్నం మిల్లులోనే భోజనం పెడుతున్నారని క్యారేజీ వద్దన్నారు. పిల్లకి మిగులుతుందని నేనూ ఊరుకున్నాను. అదీ అబద్ధమేనా?”



“పెట్టిన మాట నిజమే. మిల్లులో కాదు.”

“మరి?”

“ఇంటింటి ముద్దలోంచీ గిల్లి, బాబాయే రోజూ నాకు రొట్టె కాల్చి పెట్టేవాడు, నా సంగతి ఎన్నటికీ నీ చెవిన పడనివ్వనని నాకు మాటిచ్చాడు.”