పక్కన పడిన చుక్క

ఆ రాత్రి ప్రయోగశాలలో కామేశ్వరి ఒక్కతే ఉంది. పరమాణువుల అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం చెప్పినట్టల్లా ప్లాటర్ కలం కాగితం మీద గరగరమంటూ గీస్తోంది. గొట్టంలోని ద్రవంలో తన చోటనే ఉన్న పరమాణువు చుక్క, మూల నుంచి మూలకు సాగే గీత మీద పడుతుంది. రెండు పరమాణువులు చోట్లు మార్చుకుంటే, ఒకదాని అయస్కాంతత్వం రెండోదానికి బదిలీ అయి, ఆ గీతకు పక్కగా చుక్క పడుతుంది. కానీ ఇవాళ గొట్టంలో ఉన్నది ఒట్టి క్లోరోఫాం. అందులో యంత్రానికి కనిపించే పరమాణువు ఒకే రకం; చోటు మార్చుకోవడానికి రెండోదంటూ ఏమీ లేదు.

అయినా పక్కన చుక్క పడింది.

ఆమె గొట్టం తీసేసి, యంత్రాన్ని ఖాళీగానే మళ్ళీ నడిపింది. ఈసారి గీత మీద ఏమీ రాలేదు. పక్క చుక్క మాత్రం ఇంకా పెద్దదిగా పడింది. కలం ఆగిపోయింది. హార్బరు వైపు నుంచి కూడా ఏ చప్పుడూ లేదు. ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. బయట తాళం వేసి ఉంది.

"నీలకంఠం! తలుపు తియ్యి!" అని వాచ్‌మన్‌ని కేకేసింది.

వరండాలో టార్చి వెలుగు ఆగింది. తలుపు అవతలి నుంచి నీలకంఠం గొంతు వినబడింది.

"ఎవులు లోపల? మా కామేశ్వరమ్మగారు ఇందాకే ఎల్లిపోనారు. పాప పాలకి ఏడుస్తాదని బేగి రిక్షా ఎక్కేసినారు. నానే తాళం ఏసినాను."

ఆమె వెనక్కి తిరిగి కాగితం చూసింది: గీత మీద చోటు ఖాళీ, ఉన్నది పక్క చుక్కే. ఈపాటికి ఆ రిక్షా వన్ టౌన్ సందులోకి తిరిగి ఉంటుంది. అమ్మ అడుగుల చప్పుడు వింటే చాలు, పాప నిద్రలోనే చేతులు చాస్తుంది.